పైడమ్మ పందెపు రథం

పూర్వం ఒక సేనాపతి, తన పందెపు రథం ఇక కదలదని రాజుకు చెప్పి కొత్తది చేయించుకున్నాడు. పాతదాన్ని నూనెలమ్మే పైడమ్మ వేలంలో కొనుక్కుంది. ఊరంతా నవ్వినా పట్టించుకోలేదు. చక్రాలు బాగుచేయించి, ఇరుసుకు రోజూ ఆముదం పెట్టింది. ఆ ఏటి పందెంలో కిరాయి గుర్రాలు కట్టి సేనాపతినే ఓడించింది.

సేనాపతి ఉడికిపోయాడు. "మహారాజా, ఇది మన రథం! పొరపాటున అమ్మేశాం. వెనక్కి ఇప్పించండి!"

పైడమ్మ చేతులు జోడించింది. "ఇచ్చేస్తాను మహారాజా. అమ్మేనాటికి ఇది కదిలేదో కాదో సేనాపతిగారిని చెప్పమనండి. కదిలేదంటే తమరితో అబద్ధమాడినట్టు. కదిలేది కాదంటే ఈ పరుగు నాది."

రాజు పకపకా నవ్వి రథం పైడమ్మదేనన్నాడు.

ఇంటికి దగ్గరి దారి ఉన్నా, పైడమ్మ ఆ రోజు రాజవీధిలోనే, అందరూ చూసేలా, మెల్లగా తోలుకుపోయింది.