కోరం లేని సభ

నల్లకొండ అడవిలో నలభై ఇళ్ల జంతువులకూ కలిపి ఒక సభ ఉండేది. అడవిదున్న నాగన్న దానికి అధ్యక్షుడు, నక్క సుబుద్ధి కార్యదర్శి. రెండేళ్ల కిందట కరువులో నీళ్ల వంతుల కోసం అందరూ ఒక్కసారే అరుచుకుని, మాటా మాటా పెరిగి, రెండు అడవిపందులు సభలోనే ఒకదాన్నొకటి చీల్చుకుని చచ్చాయి. ఆ నెత్తురు చూశాక నాగన్న కట్టడి పెట్టాడు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు నోరెత్తకూడదు. సభ నడుస్తుండగా అధ్యక్షుడు చోటు వదిలి లేవకూడదు. ఏ విషయమైనా మూడు రోజుల ముందే అజెండాలో పెట్టించుకోవాలి. జాబితాలో ఉన్న ఇళ్లలో సగానికి మించి, అంటే కనీసం ఇరవై ఒక్క ఇళ్లవాళ్లు రాకపోతే కోరం లేనట్టే, తీర్మానం చెల్లదు.

ఆ తరవాత సభలో ఎవరి ఒంటి మీదా గీత పడలేదు. అందుకే నాగన్నకి ఆ నియమాలంటే ప్రాణం. అయితే వాటన్నిటినీ పొల్లుపోకుండా ఒప్పజెప్పగలిగింది సుబుద్ధి ఒక్కడే.

ఆ వేసవిలో రేచుకుక్కల మంద ఒకటి ఉత్తరపు కనుమ దిగింది. ముందు చూసింది దుప్పి ఎర్రమ్మ. అక్కడుండే అన్న కుటుంబాన్ని చూడబోతే ఆమెకి కొమ్ములూ గిట్టలూ మాత్రమే కనిపించాయి. పిల్లని వెంటబెట్టుకుని రొప్పుతూ సభకి వచ్చింది. వాగు అవతల వేరే అడవి ఉందనీ, విడివిడిగా పోతే దారిలోనే పట్టేస్తాయి గానీ నాగన్న ముందు నడిస్తే దగ్గరికి రావనీ, అందరం ఇవాళే కదులుదామనీ చెప్పింది.

సుబుద్ధి చాలా మెత్తగా అడ్డు తగిలాడు. ఇవాళ్టి అజెండా ఉప్పుమట్టి వంతుల గురించి. ఈ సంగతి రాసుకుంటాను, మూడు రోజుల తరవాత మాట్లాడదాం అన్నాడు.

"ఇల్లు కాలుతుంటే బావి తవ్వుదామంటావా మావా?" అంది ఎర్రమ్మ.

నాగన్నకి ఆమె మాట గుచ్చుకుంది. కానీ చచ్చిన పందులు కళ్లముందు మెదిలాయి. ఒక్కరి కోసం కట్టు తప్పితే రేపు అందరూ తప్పుతారనుకున్నాడు. మూడు రోజులు ఆగమన్నాడు.

సుబుద్ధి అప్పటికే రేచుకుక్కల పెద్దతో మాట్లాడుకుని ఉన్నాడు. అడవి జంతువుల్ని వాగు దాటనివ్వకుండా చూడటం అతని పని. అవి తిని వదిలేసిన పేగులూ ఎముకలూ అతనివి.

మూడు రోజుల్లో పదకొండు ఇళ్లు ఖాళీ అయ్యాయి. భయంతో పొదల్లోంచి బయటికి రానివాళ్లు పోను, సభకి ఇరవై ఇళ్లవాళ్లే వచ్చారు. సుబుద్ధి లెక్కపెట్టి, ఒక ఇల్లు తక్కువైంది, కోరం లేదన్నాడు. చచ్చినవాళ్ల పేర్లు జాబితాలోంచి కొట్టేస్తే సరిపోతుంది కదా అని ఏదుపంది సింగన్న అడిగాడు. కొట్టేయడానికి తీర్మానం కావాలి, తీర్మానానికి కోరం కావాలి అన్నాడు సుబుద్ధి. నాగన్న సభ వాయిదా వేశాడు.

మళ్లీ కూడేసరికి పద్నాలుగు ఇళ్లు వచ్చాయి. ఎర్రమ్మ వెంట ఈసారి పిల్ల లేదు. సుబుద్ధి మళ్లీ లెక్క మొదలుపెట్టాడు. ఎర్రమ్మ అనుమతి అడక్కుండానే లేచింది.

"పెద్దయ్యా, చచ్చినోళ్లు వచ్చి కూచుంటే తప్ప ఈ సభ జరగదా? నా బిడ్డని కూడా పిలుచుకురమ్మంటావా?"

నాగన్న లేవబోయాడు.

"సభ నడుస్తుండగా అధ్యక్షుడు లేవకూడదు పెద్దయ్యా," అన్నాడు సుబుద్ధి. "ఆ రూలు మీరు పెట్టిందే."

నాగన్న మోకాళ్లు మళ్లీ నేలకి ఆనాయి. ఎర్రమ్మ ఒక్క క్షణం ఆయన కేసి చూసి, వెనుదిరిగి వాగు వైపు నడిచింది. సింగన్న ఆమె వెనకే వెళ్లాడు. ఒక్కొక్కరుగా పద్నాలుగు ఇళ్లవాళ్లూ కదిలారు.

ముందు నాగన్న లేడు గనక రేచుకుక్కలు రేవు దగ్గరే మీద పడ్డాయి. నాలుగు ఇళ్లవాళ్లు నీళ్లలోనే పోయారు. పది ఇళ్లవాళ్లు ఒడ్డెక్కారు. ఎర్రమ్మ వాళ్లని ఆపకుండా, వెనక్కి చూడనివ్వకుండా, పొద్దు వాలేదాకా నడిపించింది.

ఇవతల వేట అయిపోయింది. మిగిలింది నాగన్న. తప్పించుకోవడానికి వీల్లేకుండా కుక్కలు చుట్టూ చేరాయి. ఆయన రెండింటిని కుమ్మి చంపాడు గానీ, వెనక కాలి నరం తెగాక లేవలేకపోయాడు. పడుకుని తల తిప్పి చూస్తే, కుక్కల వెనక తన వంతు కోసం కూర్చున్న సుబుద్ధి కనిపించాడు. అప్పుడు గానీ ఆయనకి అంతా అర్థం కాలేదు.

"నిన్ను నమ్మాను రా," అన్నాడు నాగన్న.

"నేనొక్క రూలు కూడా తప్పలేదు పెద్దయ్యా," అన్నాడు సుబుద్ధి. అది నిజమే.

నీతి: ప్రాణాలు కాయడానికి పెట్టుకున్న నియమానికే ప్రాణాలు ఒప్పజెబితే, దాన్ని చదివి వినిపించేవాడే యముడవుతాడు.