ఇంజను మూలలోని గుండీ

ఈ ఉదంతాన్ని నేను కళ్ళారా చూడలేదు. గుత్తుల ప్రసన్నకుమార్ గారు నాకు రెండుసార్లు చెప్పారు. ఒకసారి కాకినాడలో మా ఇంటి అరుగు మీద, మరొకసారి ఒక సన్మానసభ ముగిశాక కారులో. రెండుసార్లూ వివరాలు మారలేదు. ఆనాటి విందులో మజ్జిగ వడ్డించిన పెద్దమనిషిని కూడా విచారించాను. ఆయన నవ్వి, "ప్రసన్న తన తెలివిని కొంచెం తగ్గించే చెప్పాడు, జరిగింది మాత్రం అదే" అన్నారు. కనుక నమ్మదగినదిగానే మనవి చేస్తున్నాను.

ఆచార్య చామర్తి భీమశంకరం గారు ఇంజనీరింగు కళాశాలలో చాలాకాలం బోధించి, పదవీ విరమణ చేశాక పెరటి షెడ్డులో ఇద్దరు ముగ్గురు శిష్యులకు పని నేర్పేవారు. అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పడం ఆయన అలవాటు కాదు.

అప్పట్లో ఆ శిష్యుల్లో ఒకడైన ప్రసన్న ఒక చిన్న రోటరీ ఇంజను తయారుచేశాడు. అందులో పిస్టను పైకీ కిందికీ ఆడదు. కోలగా ఉన్న గదిలో మూడు మూలల చక్రం తిరుగుతుంది. దాని చుట్టూ మూడు అరలు ఏర్పడతాయి. ఒక అరలోకి ఇంధనం కలిసిన గాలి వస్తుంటే, మరొకదానిలో అది నలిగి మండుతుంది, ఇంకొకదాని నుంచి పొగ పోతుంది. ఒక అరలోది పక్క అరలోకి జారకుండా అంచులకు పొడుగు పట్టీలు, పక్కలకు వంపు పట్టీలు ఉంటాయి. ఆ రెండూ కలిసే ప్రతి మూలనా శనగబద్దంత లోహపు గుండీ ఒకటి కూర్చోవాలి. భాగాలు తగ్గించాలన్న ఉత్సాహంతో ప్రసన్న ఆ గుండీలను మానేశాడు. ఇంజను దగ్గుతోంది తప్ప నడవడం లేదు. దోషం కార్బురేటరుదని అతని నమ్మకం. సోమవారం ఒక సంస్థవారు పరీక్షించడానికి వస్తున్నారు; నడిస్తే పరిశోధనలో ఉద్యోగం, నడవకపోతే రెండేళ్ళ శ్రమా వృథా.

"మాస్టారూ, పట్టీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మూలలో మిగిలేది వెంట్రుకవాసి సందు. దానికి విడిగా ఒక గుండీ ఎందుకండీ?" అని శనివారం అడిగాడు.

"రేపు మా తమ్ముడి గృహప్రవేశం. భోజనాల పందిరి నువ్వు చూసుకో" అన్నారు ఆచార్యులు.

పందిరికి ముందువైపు తడిక కట్టించి, పక్కవైపు తాడు లాగించాడు ప్రసన్న. లోపల ఒక పంక్తి భోంచేస్తుంటే తరువాతి పంక్తి బయట వేచి ఉండాలి. తడికా తాడూ కలిసే మూలన ఒక మనిషి దూరేంత సందు మిగిలింది. దానికి వీపు ఆనించి, జనం వైపు ముఖం పెట్టి, ఆచార్యుల అక్కగారు అప్పాయమ్మగారు స్టూలు మీద కూర్చున్నారు. ఆవిడను ఎవరూ నియమించలేదు. వచ్చేవాళ్ళ చీరలన్నీ కనబడే చోటు అదేనని ఆవిడ అభిప్రాయం.

"మామ్మగారూ, ఇంత సందుకి మీరెందుకండీ శ్రమపడటం? మొదటి పంక్తిలో కూర్చోండి" అన్నాడు ప్రసన్న.

"బూరెలు వేడిగా ఉన్నాయా?" అని అడిగి ఆవిడ లేచిపోయారు. ఆచార్యులు చూస్తూనే ఉన్నారు.

ముందుగా ఒకాయన "చంటిపిల్లకి ఆకలండీ" అంటూ ఆ సందులోంచి వచ్చారు. పిల్ల వెనుక తల్లి, తల్లి వెనుక ఆడపడుచులు, వాళ్ళ వెనుక వీధి వీధంతా. పులిహోర దాకా వచ్చిన పంక్తి వెనుక కుర్చీకొకరు చొప్పున నిలబడ్డారు. "తొందరేం లేదు, నిదానంగా కానివ్వండి" అని వారు మర్యాదగా అంటుంటే తినేవారికి ముద్ద దిగలేదు. చేయి కడుక్కోబోయేవారికి దారి లేదు. సాంబారు బకెట్టు నడుమ చిక్కుకుని, "కాలుతుందండోయ్!" అని కేకలు వేయించింది. వడ్డన ఆగిపోయింది.

ఆ పంక్తి ఎలాగో ముగిశాక ప్రసన్న అప్పాయమ్మగారిని బతిమాలి తీసుకువచ్చాడు.

"ఇంత సందన్నావుగా!" అన్నారావిడ, తాపీగా కూర్చుంటూ. ఈసారి కదలకూడదని అతను స్టూలును రాటకు కట్టబోయాడు.

"కట్టేస్తావేమిట్రా అబ్బాయ్! తడిక వంగితే అటు జరగొద్దూ, తాడు సాగితే ఇటు జరగొద్దూ? వదిలెయ్!"

జనం ముందుకు నెట్టారు. స్టూలు వెనక్కి జరిగి సందు పూర్తిగా మూసుకుపోయింది. "తోయండి నాయనా, తోయండి. మీరు తోసేకొద్దీ నాకు వీపు బాగా ఆనుతోంది" అన్నారావిడ. అందరూ నవ్వి ఆగారు. మిగిలిన పంక్తులు ముచ్చటగా సాగాయి.

ప్రసన్న సగం కొరికిన బూరె వదిలేసి షెడ్డుకు పరుగెత్తాడు. గుండీలు తయారుచేసి మూలల్లో కూర్చోబెట్టాడు. బిగించలేదు, వెనుక సన్నని స్ప్రింగు వేసి, మండే వాయువు తనే వచ్చి నెట్టడానికి చోటు విడిచాడు. సోమవారం ఇంజను మొదటి లాగుడుకే అందుకుంది.

ఆ ఉద్యోగంలోనే ప్రసన్నకుమార్ గారు పెద్ద హోదా వరకూ వెళ్ళి, ఇప్పుడు కాకినాడలో విశ్రాంతిగా ఉన్నారు. ఆచార్యుల తమ్ముడు ఆ ఇంట్లోనే మనుమరాళ్ళ పెళ్ళిళ్ళు చేశారు. అప్పాయమ్మగారు నిండు వయసులో, ఒక సీమంతంలో తృప్తిగా భోంచేసి, తాంబూలం అందుకుంటూ కన్నుమూశారు. ఆచార్యులు చివరివరకూ శిష్యుల మధ్యనే ఉండి వెళ్ళిపోయారు.

పోయే ముందటి ఏడు ప్రసన్న ఆయనను అడిగాడట: "గుండీ పెట్టరా అని ఒక్క మాట చెబితే సరిపోయేది కదా మాస్టారూ?"

"చెబితే నమ్మి ఊరుకునేవాడివి నాయనా" అన్నారు ఆచార్యులు.