నత్తమ్మను వెతికిన వేలు

అనగనగా కొండన్నదే లేని ఒక ఊరు. గోదావరి కాలువల కింద, ఎటు చూసినా వరిచేలే, కన్నా. చాప పరిచినట్టు చదునుగా ఉండేది. కాళ్ళు లోపలికి ముడుచుకో, దుప్పటి కప్పుతాను. ఆఁ, అలాగ.

ఆ ఊళ్ళో మంగతాయి అని ఓ పిల్ల ఉండేది. నీకంటే కాస్త పెద్దది, అల్లరి మాత్రం నీలో సగం. వాళ్ళమ్మ ఓ బాతుగుడ్డుని కోడి కింద పెట్టి పొదిగించింది. అందులోంచి పుట్టిన బాతుని మంగతాయి పెంచుకుంది. దానికి నత్తలంటే ప్రాణం. అందుకని నత్తమ్మ అని పేరు పెట్టింది. పాపం, నత్తమ్మ కోళ్ళ మధ్యే పెరిగింది. ఇంకో బాతుని కంటితో చూసి ఎరగదు.

అప్పుడు ఆ ఊరి బడికి కొత్తగా డ్రాయింగు మాస్టారొచ్చారు, పేరయ్య గారని. "మీ ఊరి బొమ్మ వెయ్యండర్రా" అన్నారు. పిల్లలందరూ వంచిన తల ఎత్తకుండా వేశారు. తీరా చూస్తే ఏముందీ? అందరివీ ఒకటే! రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కొండల్లోంచి జారే ఏరు, పక్కన గుడిసె. మంగతాయిదీ అంతే.

మాస్టారు కిటికీ దగ్గరికెళ్ళి ఇటు చూశారు, అటు చూశారు. "నాకు కొండలు కనపడట్లేదేంటర్రా?" అన్నారు.

"బొమ్మన్నాక కొండలుండాలి కదండీ!" అన్నారు పిల్లలు.

ఆయన కొట్టలేదు, తిట్టలేదు. కొట్టే మాస్టారైతే ఆయన్ని నా కథలోకి రానిచ్చేదాన్నా?

ఆ తర్వాత పీరియడ్‌కి అందర్నీ బడి వెనక గట్టుమీద కూర్చోబెట్టారు. ఎవరికిష్టమైంది వాళ్ళు తెచ్చుకోమన్నారు. "కళ్ళు దానిమీదే ఉంచండి. కాగితం చూడొద్దు. దాని అంచు మీద ఓ చీమ నడుస్తోందనుకోండి. చీమ ఎంత మెల్లగా నడిస్తే మీ పెన్సిలూ అంత మెల్లగా నడవాలి" అన్నారు. ఒకడు ఇత్తడి చెంబు తెచ్చాడు. ఒకడు వాళ్ళ నాన్న చెప్పు తెచ్చాడు, సాయంత్రం ఇంటి దగ్గర వాడికి పెళ్ళయిందిలే. మంగతాయి నత్తమ్మని చంకన పెట్టుకొచ్చింది.

ఎంతో కష్టపడి గీసింది. చివరికి చూసుకుంటే వంకాయకి ముక్కు మొలిచినట్టుంది. పిల్లలు పడీ పడీ నవ్వారు. నువ్వు నవ్వకు, నువ్వేసిన ఏనుగుని నేను చూశాను. మంగతాయికి ఏడుపొచ్చేసింది.

అప్పుడు మాస్టారు ఆ కాగితం అందుకుని, "మెడ వీపుని కలిసేచోట ఈ చిన్న గుంటేమిటమ్మా?" అని అడిగారు.

"దానికలాగే ఉందండి" అంది ముక్కు తుడుచుకుంటూ.

మాస్టారు వంగి నత్తమ్మని చూశారు. నిజమే, అక్కడ గుంట ఉంది. "అయితే ఇది నత్తమ్మే. ఇంకే బాతూ కాదు" అన్నారు. అప్పుడు చూడాలి ఆ పిల్ల మొహం!

ఆ తర్వాత మూడోసారి కాగితమూ వద్దు, పెన్సిలూ వద్దన్నారు. చూస్తూ, వేలితో గాల్లోనే గియ్యమన్నారు. మంగతాయికి ఆ ఆట ఎంత నచ్చిందంటే ఇంటికెళ్ళినా అదే పని. నత్తమ్మ ఎదురుగా తిరుగుతుంటే అన్నం తింటూ గీసేది, జడ వేయించుకుంటూ గీసేది. "దీనికేదో గాలి సోకింది" అని వాళ్ళమ్మ విసుక్కునేది.

అంతలో కోతలయ్యాయి. చేలల్లో రాలిన గింజలు మేపుకోడానికి నెల్లూరు వైపు నుంచి బాతులవాళ్ళొచ్చారు. నేల కనపడనన్ని బాతులు! వాటి అరుపు నత్తమ్మ విన్నది. తనలాంటి గొంతు వినడం దానికదే మొదలు. ఇంకాగుతుందా? దడి కింద నుంచి దూరి, వెళ్ళి మందలో కలిసిపోయింది.

బడినుంచి వచ్చేసరికి ఇంట్లో నత్తమ్మ లేదు. దడి కింద దాని ఈక ఒకటి చిక్కుకుని ఉంది, చేలోంచి బాతుల అరుపు వినిపిస్తోంది. మంగతాయి పుస్తకాలు అరుగుమీద పడేసి చేలోకి పరిగెత్తింది. గట్టుమీద కర్ర పట్టుకుని చెంచయ్య అనే ముసలాయన నిలబడున్నాడు. ఆ మంద ఆయనదే.

"తాతా, నా బాతు మీవాటిల్లో కలిసిపోయింది!"

"అయ్యో, ఇన్నిట్లో ఎట్టా కనిపెడతావు పాపా? పొద్దు వాలేలోపల లారీ ఎక్కించాల. వేరే ఊరు పోవాల" అన్నాడు.

మంగతాయి "నత్తమ్మా!" అని పిలిచింది. మందంతా ఒక్కసారే అరిచింది. అప్పుడు కాలవలోకి దిగి నత్తలు ఏరి తెచ్చి చూపించింది. మందంతా మీదపడి పరికిణీ నిండా బురద చేసింది.

ఆ అవస్థ చూడలేక చెంచయ్య, "ఏదో ఒకటి పట్టకపో పాపా. అన్నీ బాతులేగా. బాగా బలిసింది చూసి ఇస్తాలే" అన్నాడు.

"వద్దు తాతా. అది నత్తమ్మ కాదుగా!" అని ఆ పిల్ల గట్టుమీద కూలబడి ఏడ్చింది. పెంచుకున్న ప్రాణం కదా మరి, ఏడవదూ?

అప్పుడు లారీ వచ్చింది. చెక్క వాల్చి బాతుల్ని ఒకదాని వెనక ఒకటి ఎక్కిస్తున్నారు. మంగతాయి కళ్ళు తుడుచుకుని ముందుదాన్ని చూసింది. తనకి తెలీకుండానే వేలు లేచింది. తల, మెడ, వీపు, తోక. ఇది కాదు. వెనకదాన్ని చూసింది. తల, మెడ, వీపు. ఇదీ కాదు. పొద్దు కిందికి జారుతోంది, చేలో బాతులు పల్చబడుతున్నాయి. అయినా ఆ పిల్ల తొందరపడలేదు. చీమ నడకే నడిచింది వేలు. ఆ తర్వాత ఇంకో బాతు చెక్క దగ్గరికొచ్చింది. వేలు తలమీద నుంచి దిగింది, మెడ దిగింది, దిగి చిన్న గుంటలో పడింది.

"అదే! తాతా, అదే!"

చెంచయ్య గబుక్కున పట్టుకుని ఇచ్చాడు. అది వచ్చీ రాగానే మంగతాయి చంకలో ముక్కు దూర్చేసింది. నత్తమ్మే! ఆ పిల్ల ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది.

ముసలాయన చేతిలో కర్ర పక్కన పెట్టాడు. "మీసాలు రాకముందు నుంచి బాతులతోనే ఉండా పాపా. మంద చెదరకుండా చూసుకున్నానే గానీ, ఒక్కదాన్ని కూడా నీ మాదిరి చూళ్ళా. ఆ గీసేది నాకూ చెప్పు" అన్నాడు. మంగతాయి ఆయన వేలు పట్టుకుని గాల్లో ఒక మెడ గీయించింది.

ఆ తర్వాత లారీ కదిలింది. చెంచయ్య వెనకాల బాతుల మధ్యే కూర్చున్నాడు. లారీ మలుపు తిరిగేదాకా మంగతాయి చూస్తూనే ఉంది. ఆయన ఒళ్ళో ఒక బాతుంది, ఆయన వేలు గాల్లో మెల్లగా కదులుతోంది.

బాతేమో గూటికి,
పిల్లేమో ఇంటికి,
కథేమో కంచికి,
నిద్దరేమో నా కన్న కంటికి!