గాజు బట్టకు పెట్టిన పేరు

ఆండ్ర హైమవతి గారు సుంకాల శాఖలో ఉద్యోగం చేసి, విరమణ తర్వాత కూడా ఆ రేవు పట్టణంలోనే ఉండిపోయారు. ఓడల మీద వచ్చే సరుకును ఏ పద్దు కింద చేర్చాలో, దేనికి ఎంత సుంకమో కుర్రవాళ్లకు నేర్పేవారు. ముట్టుకోని వస్తువుకు పేరు పెట్టకూడదన్నది ఆవిడ నియమం. పాఠంలో సందేహం వస్తే పుస్తకం తెరిచేవారు కాదు, ముందు వస్తువు తెమ్మనేవారు.

ఆవిడ దగ్గర నేర్చుకుంటున్నవాళ్లలో దివాకర్ చురుకైనవాడు. చదువు పూర్తికాకముందే ఒక దిగుమతి వ్యాపారికి రేవు పనులు చూసిపెడుతున్నాడు. ఒకనాడు పాఠం మధ్యలో లేచి అడిగాడు.

“మేడమ్, ఒక బట్ట ఉంది. లోపల గాజునూలు నేత, అదే ఫైబర్‌గ్లాస్, పైన రెండువైపులా ప్లాస్టిక్ పూత. కంటికి కనిపించేదీ ప్లాస్టికే, చేతికి తగిలేదీ ప్లాస్టికే. గాజు అని రాస్తే అదనపు సుంకం పడుతుంది. ప్లాస్టిక్ గుడ్డ అని రాస్తే పడదు. కనబడేదాన్నే రాస్తే తప్పేముంది? ఎవరికి నష్టం?”

జవాబు అక్కడున్న అందరికీ తెలుసు. పూత ఎంత పూసినా గాజు నేత గాజు పద్దులోనే ఉంటుంది. పూతలో నానిపోయి, అట్టలా బిగుసుకుని, నేత గుణమే పోగొట్టుకున్నప్పుడు మాత్రం దాన్ని ప్లాస్టిక్ అనాలి. ఈ సంగతి దివాకర్‌కూ తెలుసు. తెలిసే అడిగాడు. ఎందుకంటే ప్లాస్టిక్ గుడ్డ అన్న పేరుతో ఆ సరుకును అప్పటికే ఒకసారి రేవు దాటించాడు. రెండో సరుకు ఓడ దిగి ఉంది.

హైమవతి గారి ముఖం ఎర్రబడింది.

“ఆ బట్టను ఎప్పుడైనా కోశావా?”

“లేదు మేడమ్. నమూనా చూశాను.”

“నువ్వు పనిచేసే వ్యాపారికి కుట్టుషెడ్డు ఉందిగా, అక్కడికి వెళ్లు. నీ చేత్తో మూరెడు కోసుకురా. ఎవరికి నష్టమో తర్వాత మాట్లాడదాం.”

షెడ్డు ఊరి బయట ఉంది. అక్కడ ఆడవాళ్లు ఆ బట్టను కోసి, వెల్డింగు చేసేచోట నిప్పురవ్వలకు అడ్డంగా కట్టే తెరలు కుడతారు. దివాకర్ వెళ్లేసరికి వాళ్లు వరసగా కూర్చుని అన్నాలు తింటున్నారు. రేకుల సందుల్లోంచి పడుతున్న ఎండలో సన్నటి పొడి మెరుస్తోంది. మేస్త్రీ కత్తెర అందించాడు. దివాకర్ చొక్కా చేతులు పైకి మడిచి కోయసాగాడు. కోసినచోట అంచు వెంట్రుకల్లా విడిపోయింది. మూర పూర్తయ్యేసరికి మణికట్ల దగ్గర చురచురమంది. గోక్కున్నాడు. గోకినకొద్దీ మంట ఎక్కువైంది.

“గోక్కోకు బాబూ, ఇంకా మండుద్ది,” అంది గుమ్మం బయట ఒంటరిగా కూర్చుని తింటున్న మనిషి. ఆమె పేరు నూకరత్నం. మోచేతుల దాకా ఎర్రటి దద్దుర్లు, వేళ్ల సందుల్లో పగుళ్లు. “ఏం గుడ్డ ఇది? నీకైనా తెలుసా?”

అబద్ధం నాలుక దాకా వచ్చింది. మండుతున్న చేతులు దాన్ని బయటికి రానివ్వలేదు.

“గాజు,” అన్నాడు.

లోపల ముద్దలు ఆగిపోయాయి. నూకరత్నం లేచి నిలబడింది.

“గాజా! ఏం ముట్టుకుంటన్నావని డాక్టరు అడిగితే ప్లాస్టిక్ గుడ్డని చెప్పేను. మూట మీద అదే రాసుంది మరి! అయితే ఇది గజ్జేనన్నాడు. మా అత్త నా కంచం వేరు చేసింది. నా పిల్లని నా పక్కలో పడుకోనివ్వట్లేదు. ఈళ్లు చూడు, అంటుకుద్దని నన్ను గుమ్మం బయట కూచోబెట్టేరు. గాజని ఒక్క ముక్క చెప్తే ఎవడి నోట్లో ముత్యాలు రాలిపోయేయి?”

మేస్త్రీ తడబడ్డాడు. “మూటల మీద మొదట వేరే కాగితం ఉండేది. చేతి తొడుగుల బొమ్మా, ముక్కుకు గుడ్డ కట్టుకున్న బొమ్మా ఉండేవి. ఆఫీసర్లు ఇక్కడికొచ్చి చూస్తే పేరు తేడా వస్తుందని ఒలిపించెయ్యమన్నారు.”

“ఎవరు?” అంది నూకరత్నం.

మేస్త్రీ దివాకర్ వైపు చూసి తల దించుకున్నాడు.

నూకరత్నం తిట్టలేదు. గుమ్మం దాటి లోపలికి వచ్చి, అతని చేతిలోని కత్తెర లాక్కుని తానుల మీదికి విసిరికొట్టింది. “ఇకనించి నువ్వే కొయ్యి. కోసి, ఆ చేతుల్తో నీ పిల్లల్ని ఎత్తుకో.” ఆడవాళ్లందరూ ఎంగిలి చేతుల్తోనే లేచి ఆమె పక్కకు వచ్చి నిలబడ్డారు. ఆ పూట షెడ్డులో కత్తెర ఆడలేదు.

దివాకర్ నేరుగా వ్యాపారి దగ్గరికి వెళ్లి, రెండో సరుకును గాజు బట్టగానే రాస్తానన్నాడు. వ్యాపారి నవ్వాడు. “నువ్వు కాకపోతే ఇంకొకడు రాస్తాడు. అసలు ఈ దారి చూపించిందే నువ్వు కదయ్యా!” దివాకర్‌కు ఒళ్లు మండింది. ఆ మంట అతని మీదో తన మీదో తేల్చుకోలేకపోయాడు. మర్నాడు సుంకాల కార్యాలయానికి వెళ్లి, మొదటి సరుకు పేరు తప్పని, తెలిసే అలా రాశానని రాసిచ్చాడు.

రెండో సరుకు రేవులోనే ఆగిపోయింది. షెడ్డుకు చేతి తొడుగులు వచ్చాయి. దివాకర్‌కు సుంకాల ఏజెంటుగా లైసెన్సు వస్తుందన్న ఆశ పోయింది. నూకరత్నాన్ని వెంటబెట్టుకుని డాక్టరుకు నిజం చెప్పాడు. ఆయన మందు మార్చాడు. ఆ తర్వాత ఆమె అత్తగారికి చెప్పబోతే ఆ ముసలామె సాంతం వినకుండానే లేచింది.

“నిన్న ప్లాస్టిక్కన్నారు. ఇయ్యాల గాజంటన్నారు. మీ పేర్లు నమ్మి నా మనవరాల్ని దాని పక్కలో వెయ్యమంటావా?”

కోడలి కంచాన్ని తమతో కలపలేదు.

దివాకర్ హైమవతి గారి దగ్గరికి వచ్చి, జరిగిందంతా దాచకుండా చెప్పి, కాళ్లకు దణ్ణం పెట్టబోయాడు. ఆవిడ కాళ్లు వెనక్కి తీసుకున్నారు.

“తప్పయిపోయింది మేడమ్. క్షమించండి.”

“నన్నడుగుతావేం?” అన్నారు ఆవిడ, కోపం ఏమాత్రం తగ్గకుండా. “నా చేతులు బాగానే ఉన్నాయి.”