పైడమ్మ వాకిట్లో నెగడు

అనగనగా కొండ కింద, ఎన్ని దుప్పట్లున్నా చాలని ఒక ఊళ్ళో పైడమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి చలంటే భయం లేదు. మాట్లాడడానికి మనిషి దొరకకపోతేనే భయం. చలికాలం వచ్చిందంటే ఆ ఊరివాళ్ళు పొద్దు వాలగానే తలుపులు బిగించుకునేవారు. కోడిపెట్టతో ఎంతసేపని మాట్లాడుతుంది? అదీ గంప కింద దూరి పడుకునేది.

అప్పుడు పైడమ్మ పక్కింటి గున్నమ్మతో చెప్పింది. "వాకిట్లో నెగడు వేస్తాను వదినా. నలుగురూ వచ్చి కూర్చుంటే సరే. లేదంటే ఇంటికి తాళం పెట్టి మా చెల్లెలి ఊరు పోతాను. ఎండలు ముదిరాకే వస్తాను."

గున్నమ్మకి బెంగ పట్టుకుంది. పైడమ్మ వెళ్ళిపోతే ఊళ్ళో సంగతులు ఆవిడకి ఎవరు చెబుతారు మరి?

మొదటి రోజు పైడమ్మ వాకిలి మధ్యలో కట్టెలు పోగేసి అంటించింది. జనం వచ్చారు. కొండగాలీ వచ్చింది. ఎవరు ఎటు జరిగితే పొగ కూడా అటే జరిగింది. కూతురి పెళ్ళిలో కూడా కంటతడి పెట్టని సూరిదేముడనే పెద్దమనిషి బొటబొటా కన్నీళ్ళు కార్చుకుంటూ ఇంటికి పోయాడు.

ఆ తర్వాత రోజు గాలివైపు తాటాకు దడి కట్టింది. గుంట తవ్వి, చుట్టూ వాగులోంచి తెచ్చిన నున్నటి రాళ్ళు పేర్చింది. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో! కానీ నీళ్ళలో నానిన రాళ్ళు కదా, వేడెక్కేసరికి ఠప్పుఠప్పున పేలాయి. పులినైనా తోక పట్టుకు లాగుతానని చెప్పుకునే లచ్చుమయ్య అందరికంటే ముందు పరిగెత్తాడు. ఆయన చెప్పులు మాత్రం ధైర్యంగా అక్కడే ఉన్నాయి.

మూడో రోజు ఆ రాళ్ళు తీసేసి ఇటుక ముక్కలు పేర్చింది. గోనెసంచుల్లో గడ్డి కుక్కి కూర్చోడానికి మెత్తలు చేసింది. నిప్పుల్లో చిలగడదుంపలు కప్పెట్టింది. గున్నమ్మ ఒక కట్టెపుల్ల తెస్తే, "నా వాకిట్లో మంటకి నీ పుల్లెందుకు?" అని తిప్పి పంపింది. అందరూ వచ్చారు. చేతులు కాచుకున్నారు, దుంపలు తిన్నారు, "వస్తాం పైడమ్మా" అని బంతి భోజనం అయినట్టు లేచిపోయారు.

మర్నాడు పైడమ్మ బట్టలు మూట కట్టుకుంటుంటే గున్నమ్మ వచ్చింది.

"ఏం తక్కువ చేశాను వదినా?" అని అడిగింది పైడమ్మ.

"తక్కువ కాదు, ఎక్కువ చేశావు. అన్నీ నీ కట్టెలే కాలుతుంటే ఎంతసేపని కూర్చుంటారు? మొహమాటం ఉండదా?"

"సూరిదేముడికి కూడానా?"

"ఆయనకి లేదులే. మిగతావాళ్ళ సంగతి చెబుతున్నాను."

ఆ సాయంత్రం పైడమ్మ గుంటలో రెండు పిడకలు మాత్రం రాజేసింది. ఎవరి కట్టె వాళ్ళే తెచ్చుకోవాలని ఊరంతా చెప్పి వచ్చింది.

అప్పుడు చూడాలి, నా బంగారం! ఒకరు తుమ్మకొమ్మ తెచ్చారు, ఇంకొకరు కందికంప తెచ్చారు. తన కట్టె బూడిదయ్యేదాకా ఒక్కరూ లేవలేదు. తన కట్టె వేడి పక్కవాడికి వదిలేసి ఎవరు పోతారు? సూరిదేముడు పళ్ళు తోముకునే పందుంపుల్లంత పుల్ల తెచ్చాడు. అది కాలిపోగానే, పక్కనున్న తుమ్మకొమ్మ తనదేనన్నాడు. ఆ తగువు తీరేలోపు లచ్చుమయ్య మూడు పులుల్ని చంపాడు. పైడమ్మ అందరికీ అడ్డం తగులుతూ, అడగనివి కూడా చెబుతూ హాయిగా కూర్చుంది.

"మరి చెల్లెలి ఊరు ఎప్పుడు వదినా?" అని అడిగింది గున్నమ్మ.

పైడమ్మ తను వేసిన చింతమొద్దుని చూపించింది. అది దూలమంత ఉంది.

"ఎలా వెళ్తాను? నాది ఇంకా అంటుకోనే లేదు" అంది.

కథేమో కంచికి,
నెగడేమో నివురుకి,
పైడమ్మ మంచానికి,
మనమేమో దుప్పట్లోకి.