ఎవరి నడక వాళ్ళది

ఒక దేశంలో కోటకూ సభామందిరానికీ మధ్య ఒక నది ఉండేది. దాని మీద గొలుసులతో వేలాడే చెక్క వంతెన ఉండేది. ఆ వంతెనకు కాపరి ఒక అవ్వ. రోజూ పొద్దున్నే పలకలు తట్టి చూడడం, గొలుసులకు ఆముదం రాయడం ఆమె పని. దాటేవాళ్ళకు ఒకే మాట చెప్పేది: వంతెన మీద అడుగు కలపకండి, ఎవరి నడక వాళ్ళు నడవండి. పెళ్ళివారు వచ్చినా మేళం ఆపించి మరీ దాటించేది. ముసలిదాని చాదస్తం అనుకుని అందరూ నవ్వుకునేవారు.

ఆ దేశాన్ని చాలాకాలం పరాయివాళ్ళు ఏలారు. రెండేళ్ళ కిందట వాళ్ళను వెళ్ళగొట్టారు. ఆ యుద్ధాన్ని గెలిపించింది సేనాపతి అని అందరూ చెప్పుకుంటారు. అందులో అబద్ధమేమీ లేదు, మనిషి నిజంగానే ధైర్యవంతుడు. కాకపోతే చివరి రోజున శత్రుసైన్యం వంతెనతో సహా నదిలో పడింది తన ఫిరంగి దెబ్బకేనని ఆయన నమ్మకం. పిల్లల పాఠాల్లో కూడా అలాగే రాయించాడు.

నిజానికి ఫిరంగి గుండు పోయి గడ్డివామిలో పడింది. శత్రువులు ఠీవిగా అడుగు కలిపి వంతెన ఎక్కుతుంటే అవ్వ ఆ ఒక్కరోజూ నోరు విప్పలేదు. ఆ ఊపుకు గొలుసులు తెగిపోయాయి. మునిగిపోయేవాళ్ళ కేకలు ఆమె చెవుల్లో ఉండిపోయాయి. ఆమె ఎవరికీ చెప్పుకోలేదు, చరిత్ర రాసిన పెద్దమనుషులు ఆమెను అడగనూ లేదు.

తర్వాత వంతెన మళ్ళీ కట్టారు. జనం తమ మనుషుల్ని తామే ఎన్నుకున్నారు. అవ్వ కూడా వరసలో నిలబడి, బతుకులో మొదటిసారి తన మాటంటూ ఒకటి పెట్టెలో వేసి వచ్చింది. ఆ సభ తొలిసారి కూర్చునే రోజు రానే వచ్చింది.

ఆ ఉదయమే కోట తలుపులు తెరుచుకున్నాయి. ముందు గుర్రం మీద సేనాపతి, వెనక వెయ్యిమంది సిపాయిలు. దేశాన్ని గెలిచినవాడే ఏలాలనీ, సభను ఇంటికి పంపేస్తాననీ చాటించుకుంటూ వచ్చాడు.

అవ్వ వంతెన మొదట్లో నిలబడి చూసింది. వెయ్యిమంది కాళ్ళు ఒకేసారి నేలను తాకుతున్నాయి. తను ఏమీ చెప్పకుండా ఉంటే చాలు, సభ బతుకుతుంది. కానీ ముందు వరసలో ఒకడి మెడలో వాళ్ళమ్మ కట్టిన తాయెత్తు కనిపించింది. మళ్ళీ ఆ కేకలు వినడం తన వల్ల కాదనుకుంది. చేతులు చాపి అడ్డం నిలబడింది.

“అడుగు కలిపి ఎక్కకండి నాయనా, చస్తారు.”

సేనాపతి నవ్వాడు. ఈ వంతెనను కూల్చడం తన ఫిరంగికి తప్ప ఎవరికీ చేతకాదన్నాడు.

“నీ గుండు గడ్డివామిలో పడింది బాబూ. వాళ్ళను ముంచింది వాళ్ళ కవాతే. నేను చెప్పకుండా ఊరుకున్నాను. ఇవాళ ఊరుకోలేను.”

సేనాపతికి మొహం ఎర్రబడింది. ఆమెను పక్కకు లాగించి కవాతు సాగించమన్నాడు. నాలుగు వరసలు ఎక్కాయో లేదో పలకలు ఎగిరెగిరి పడ్డాయి, గొలుసులు మూలిగాయి, గుర్రం వెనక్కి తగ్గింది. ఆయన తెలివితక్కువవాడేం కాదు. ఎవరి నడక వాళ్ళు నడవండని తనే కేకపెట్టాడు.

సిపాయిలు క్షేమంగా సాగిపోతుంటే అవ్వ తల దించుకుంది. తన నోటితో తనే సభను అప్పగించానని కుమిలిపోయింది. ఆముదం గిన్నె పట్టుకుని, పలకలు చూసుకుంటూ అందరి వెనకా తనూ దాటింది.

వంతెన చాలా పొడుగు. పొడుగువాడు పెద్ద అంగలు వేశాడు, మోకాలి నొప్పివాడు గొలుసు పట్టుకుని నడిచాడు. బూట్ల మోత లేకపోయేసరికి నది చప్పుడు వినిపించింది. మాటలు మొదలయ్యాయి. తాయెత్తు సిపాయి సభామందిరాన్ని చూపించి, అందులో మా ఊరి కుమ్మరి కూర్చున్నాడు, నేను ఎన్నుకున్నవాడే అన్నాడు. మరి ఆయన్ను ఇంటికి పంపడానికా మనం పోతున్నది అని పక్కవాడు అడిగాడు. ఆ ప్రశ్న ముందుకూ వెనక్కూ పాకి అవ్వ దాకా వచ్చింది.

అవతలి గట్టు మీద సేనాపతి కత్తి ఎత్తాడు. “అడుగు కలపండి.”

వెయ్యిమందీ విన్నారు. ఒక్కరి అడుగూ కలవలేదు. ఆయన మూడుసార్లు అరిచాడు. తాయెత్తు సిపాయి తుపాకి గట్టున దించి, కుమ్మరిని పలకరించడానికి బయల్దేరాడు. ఒక్కొక్కరే తుపాకులు దించి, ఎవరి నడకన వాళ్ళు అతని వెనక వెళ్ళారు. మందిరం తలుపులు తెరుచుకున్నాయి, సభ గంట మోగింది. అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అంత సంతోషం ఆమె ఎన్నడూ ఎరగదు.

సేనాపతి గుర్రాన్ని కూడా వదిలేసి వెనక్కి మళ్ళాడు. కత్తి భుజాన పెట్టుకుని, ఎడమ కాలు, కుడి కాలు దబదబా కొడుతూ కవాతు చేసుకుంటూ వంతెన ఎక్కాడు. ఒక సిపాయి కంగారుగా పరుగెత్తుకొచ్చి, ఆయన్ను ఆపమంటావా అవ్వా అని అడిగాడు.

అవ్వ గొలుసు దగ్గర చతికిలబడి ఆముదం గిన్నె ముందుకు లాక్కుంది.

“ఒక్కడేగా, కొట్టుకోనీ,” అంది. “వంతెనకేం కాదు.”