తోక ముడవని అన్నదమ్ములు

బుద్ధి అంతా తన ఇంట్లోనే పుట్టిందనీ, మిగిలిన తుక్కు ఊళ్ళోవాళ్ళకి దక్కిందనీ చిట్టెమ్మ నమ్మకం. ఆమె కొడుకులు గుంపయ్య, ఎర్రయ్య, పైడయ్యలది అంతకు మించిన నమ్మకం. వానలో గొడుగు తడిసిపోతుందని చంకలో దాచుకునే జాతి మరి!

ఆ ఏడు వాన మొహం చాటేసింది. నారుమడి నెర్రెలు విచ్చింది. కాలవనీళ్ళ వంతు ఆ రోజు వీళ్ళదే. కానీ పై పొలం అప్పలరాముడు కాలవకి అడ్డంగా మట్టికట్ట వేసి, నీళ్ళన్నీ తన మడికి మళ్ళించుకున్నాడు. పొద్దు వాలేలోగా తడి అందకపోతే నారు చస్తుంది. నారు చస్తే ఏడాదంతా గంజికి కూడా గతి లేదు.

"పోయి నీళ్ళు పెట్టుకు రండ్రా," అంది చిట్టెమ్మ. "వాడు కాలు దువ్వుతాడు. మీరు గానీ తోక ముడుచుకుని వచ్చారో, గడప తొక్కనివ్వను!"

ముగ్గురూ ఒకడి వెనక్కి ఒకడు వెళ్ళి చూసుకున్నారు.

"అన్నా, మనకి తోకల్లేవే!" అన్నాడు పైడయ్య.

"ఉంటేనే కదరా, ముడవలేదని అమ్మకి చూపించేది," అన్నాడు గుంపయ్య.

అంతే. కొబ్బరితాళ్ళతో తోకలు పేనారు. అవి వేలాడుతుంటే బెదిరిన కుక్కల్లా ఉన్నామని ఎర్రయ్యకి బెంగ. ఇంకేముంది, తోకల్లోకి వెదురుబద్దలు దూర్చి, నిక్కబొడుచుకునేలా నడుముకీ వీపుకీ బిగించేశారు. చిట్టెమ్మ చుట్టూ తిరిగి చూసి దిష్టి తీసింది.

కుక్క తోకనీ, ఎద్దు గిట్టనీ, పాము పడగనీ చూసి మనుషులు మాటలు నేర్చుకున్నారు. మనుషుల్ని చూసి అవేమీ నేర్చుకోలేదు. ఎంతైనా వాటికి ఇంగితం ఉంది.

కట్ట దగ్గర అప్పలరాముడు వీళ్ళని చూశాడు. కోపం మర్చిపోయి గట్టు మీద కూలబడ్డాడు. "మీతో నాకు తగువేంట్రా బాబూ! కట్ట తెంచుకుని నీళ్ళు పట్టుకుపోండి," అని విరగబడి నవ్వాడు.

"కాలితో నేల గీరట్లేదు, కొట్లాటకి రాడు," అన్నాడు గుంపయ్య.

"పళ్ళు చూడరా, పళ్ళు! మన కుక్క కరిచే ముందు అచ్చం ఇలాగే బయటపెడుతుంది!" అని అరిచాడు ఎర్రయ్య.

ఇంకేముంది, ముగ్గురూ అతన్ని లేవదీసి, తుమ్మకొమ్మకి వేలాడుతున్న ఎద్దు చిక్కం అతని మూతికి బిగించారు. పాపం, అతను పార వాళ్ళ ముందు పడేసి, కట్టవైపు వేలు చూపించి, ఊళ్ళోకి పరుగుతీశాడు.

పైడయ్య పార కోసం వంగబోయాడు. వీపు మీద బద్ద పటపటలాడింది.

"ఆగరా! విరిగితే తోక వేలాడిపోదూ?" అన్నాడు ఎర్రయ్య.

అంతే. ముగ్గురూ గుంజల్లా నిలబడ్డారు.

చివరికి చిట్టెమ్మే పరిగెత్తుకొచ్చింది. "నారు వాలిపోతోంది, ఏం చేస్తున్నార్రా?"

"తోకలు కాస్తున్నామమ్మా."

"నా తండ్రులే! పోనీ, కట్ట నేను తెంచుతాను," అని పార తీసుకుని వంగింది. జడ జారి వేలాడింది.

"అమ్మో, అమ్మ తోక!" అని అరిచాడు పైడయ్య.

అంతే. జడని ఎత్తి పక్కనున్న తుమ్మకొమ్మకి బిగించి కట్టేశారు. చిట్టెమ్మ మునివేళ్ళ మీద నిలబడి, "పరువు నిలబెట్టార్రా!" అని కళ్ళు ఒత్తుకుంది. వాళ్ళ వంతు నీళ్ళు వాళ్ళ ముందే గలగలా అప్పలరాముడి మడిలోకి పోయాయి.

పొద్దు వాలింది. కొన ఊపిరితో ఉన్న నారు తలలు వేలాడేసింది. గుంపయ్య దాన్ని చూసి కాండ్రించి ఉమ్మాడు.

"థూ, పిరికి నారు! మేమింత నిలబడితే ఇది తోక ముడుస్తుందా? ఇలాంటిది మన పొలంలో ఉండటానికి వీల్లేదు!"

అని గట్టున కట్టేసి ఉన్న తమ గేదెని విప్పి మడిలోకి తోలాడు.